చారల పక్కన రెండు ఎర్ర గీతలు

పలాస వెళ్ళి వచ్చానని చెప్తే చాలు, ఎవరైనా సరే ముందు నా చేతుల వంక చూస్తున్నారు, జీడిపప్పు పొట్లం ఏదీ అని. తెచ్చాను, పంచాను, అయిపోయింది కూడా. ఇక మిగిలింది చెప్పుకోవడమే. చెప్పుకోవలసింది జీడిపప్పు గురించి కాదు గనక కాస్త ఓపిగ్గా వినండి.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. సబ్బుల మీదా బిస్కెట్ ప్యాకెట్ల మీదా నల్లచారలు ఉంటాయి చూడండి, బార్‌కోడ్ అంటారు. ఫ్యాక్టరీల్లో వాటిని చదివే స్కానర్లు బిగించడం నా పని. సరుకు బెల్టు మీద నడిచి వస్తుంటే పక్కనున్న స్కానరు ఎర్రటి కాంతి వేసి చారల్ని చదువుతుంది, కీచుమంటుంది. ఏ డబ్బా ఎవరు కట్టారో కంప్యూటర్లో పడిపోతుంది. ఈ పని మీద ఊళ్ళు పట్టుకు తిరగడమే నా బతుకు. మా ఆవిడ వసంత మంచిర్యాల అవతల ఒక పల్లెలో టీచరు. నేను హైదరాబాదులో. పెళ్ళయి మూడేళ్ళయినా ఒక కప్పు కింద ఉన్నది సెలవుల్లోనే. బదిలీ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటారు, రాదు. అందుకే ఏ ఊళ్ళో ఏం బాగున్నా 'అయ్యో, తను చూడలేదే' అన్న బెంగ ఒకటి టిక్కెట్టు లేకుండా నా పక్కనే ప్రయాణం చేస్తుంటుంది.

సుమ్మాదేవిలో దిగిపోయాను

మొదటి తప్పు నిద్ర. సికింద్రాబాదులో ఎక్కిందగ్గర్నుంచీ స్కానర్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను, కింద పెడితే ఎవరు కాలితో తంతారోనని. అంత కాపలా కాసినవాణ్ణి, శ్రీకాకుళం దాటాక చల్లగాలి తగిలేసరికి ఒరిగిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఎదుటి సీటు పెద్దాయన, "పలాసా? అదెప్పుడో ఎలిపోనాది కదా బావూ!" అన్నాడు, ఎంతో జాలిగా.

నా అదృష్టం బాగుండి సిగ్నల్ దొరక్క బండి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. పెట్టె చంకన పెట్టుకుని దూకేశాను. బోర్డు మీద సుమ్మాదేవి అని ఉంది. ప్లాట్‌ఫారం అవతల జీడిమామిడి తోటలు. పండి రాలిన పళ్ళ వాసన, తియ్యగా, కొంచెం పులిసినట్టు. ఎక్కడో దూరాన సముద్రం ఉన్న సంగతి గాలి చెప్తోంది. తిట్టుకుంటూ దిగినవాణ్ణి, ఒక్క నిమిషం నోరు మూసుకుని నిలబడిపోయాను.

పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు కోసం ఒకావిడ బెంచీ మీద కూచుని ఉంది. ముప్పై దాటి ఉంటాయి. జడలో కనకాంబరాలు, చేతిలో స్టీలు క్యారేజీ. నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూసి ఇక ఆగలేకపోయింది.

"ఏటి బావూ, ఆ పెట్టిని పసిగుంటడి లాగ ఎత్తుకున్నారు? అందులో ఏటుంది?"

పలాసలో ఫలానా జీడిపప్పు ఫ్యాక్టరీకి మిషన్లు తెస్తున్నానని చెప్పాను. ఆవిడ ఫక్కున నవ్వింది.

"ఓలమ్మో! నాను సేత్తన్నది అక్కడే కదా! ప్యాకింగులో. దమయంతి నా పేరు. మీ మిషనొత్తాదని మేస్త్రీ వారం నుంచీ ఒకటే గోల."

తోటలోంచి ఏరుకొచ్చిన జీడిమామిడి పండు ఒకటి నా చేతిలో పెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతోంది కదా అని కసుక్కున కొరికాను. రసం బాగానే ఉంది గాని, మింగగానే గొంతు పట్టేసింది, దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఉప్పద్దుకోకుండా తినేసినారేటి!" అని నవ్వుతూనే క్యారేజీలోంచి ఉప్పు పొట్లం తీసి ఇచ్చింది. మా తెనాలి వైపు మామిడికాయకి అద్దుతాం గాని పండుకి ఉప్పేమిటి? ఇక్కడ ఉప్పు లేకపోతే పండే లేదు.

బండి వచ్చేలోగా ఆవిడ సంగతులు కొన్ని చెప్పింది. గాలివానకి కొబ్బరితోట పడిపోయాక భర్త లోకనాథం బొంబాయి వెళ్ళాడట. అక్కడ జీడిపప్పు, కిస్మిస్‌లు నిలవ చేసే గోడౌన్లో హమాలీ. ఏడాదికోసారి వస్తాడు. "ఒచ్చినాడంటే ఎలిపోవడానికే ఒచ్చినట్టుంటాది బావూ" అంది. నాకు మా వసంత ట్రంకుపెట్టె సర్దుకోవడం గుర్తొచ్చింది.

పలాస: శుక్రవారం బొట్టు

పలాస, కాశీబుగ్గ ఒకదాన్నొకటి ఒరుసుకున్న ఊళ్ళు. ఎక్కడ ఏది అయిపోయిందో నాకు చివరిదాకా తెలియలేదు. ఊరంతా గింజలు కాల్చే పొగ వాసన. ఫ్యాక్టరీలో ముందు కొట్టుడు షెడ్డు, గింజ పగలగొట్టే చోటు. పెంకులోంచి కారే నూనెకి ఆడవాళ్ళ చేతులు నల్లబడిపోయి, వేళ్ళ చర్మం లేచిపోయి ఉంటుంది. బూడిద రాసుకుంటూ పని చేస్తారు. తరవాత పొట్టు తీసేవాళ్ళు, గ్రేడు చేసేవాళ్ళు, అన్నిటికీ చివర ప్యాకింగు. శుభ్రమైన గది, తలకి తెల్లటోపీ. కొట్టుడు షెడ్డులో చేరి ఆ చివరికి రావడానికి దమయంతికి కొన్నేళ్ళు పట్టిందట.

వీటన్నిటికీ మేస్త్రీ సింహాచలం. అరవకుండా మాట్లాడటం ఆయనకి చేతకాదు. మనసు మంచిదేనంటారు, అరుపుల్లో మనకి వినబడదు. గురువారం సాయంత్రానికి స్కానర్లు బిగించి, డబ్బాలు నడిపించి, కీచుకీచుమంటూ అన్నీ చదువుతుంటే చూసుకుని హాయిగా లాడ్జికి పోయాను.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి ఒక్క డబ్బా చదివితే ఒట్టు! వైర్లు పీకాను, మళ్ళీ పెట్టాను. కంప్యూటరు ఆపాను, వేశాను. చెమటలు. ప్యాకింగు ఆడవాళ్ళంతా చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. చివరికి వంగి స్కానరు మొహంలో మొహం పెట్టి చూద్దును గదా, అద్దం నిండా గంధం, దాని మీద కుంకం బొట్టు! ప్రతి శుక్రవారం ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ మేస్త్రీయే స్వయంగా బొట్లు పెడతాడట. కొత్త మిషను గదా, దీనికి కాస్త దిట్టంగా పెట్టాడు.

"అది కన్నండీ బాబూ! కంట్లో పెడతారా బొట్టు?"

"నుదురెక్కడుందో నాకేటి తెలుసు? మీరు సెప్పాల!" అని నామీదే అరిచాడు.

అద్దం తుడిచి, పైభాగంలో సిరా పెన్నుతో సున్నా చుట్టి, ఇది నుదురు అని చూపించాను. మేస్త్రీ అక్కడ భక్తిగా మళ్ళీ పెట్టాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాశీబుగ్గ మెస్సులో ఆ మధ్యాహ్నం పచ్చి జీడిపప్పు కూర, పనసకాయ కూర. ఆ జీడిపప్పు కూర మా వైపు పెళ్ళిలో వడ్డిస్తే పది ఊళ్ళు చెప్పుకుంటాయి. ఇక్కడ మెస్సు కుర్రాడు బెండకాయ వేపుడంత మామూలుగా వడ్డించేసి పోయాడు.

వెనక్కి వచ్చే డబ్బాలు

శనివారం కొత్త తలనొప్పి. అన్నీ చదువుతోంది గాని, మధ్యమధ్య కొన్ని డబ్బాల్ని మాత్రం చదవనంటూ పక్కకి నెట్టేస్తోంది. మేస్త్రీ గొంతు షెడ్డంతా మోగింది. "ఎవుల డబ్బాలు ఎనక్కొత్తన్నాయో సోమారం నంబర్లు లెక్కెట్టి సూత్తాను. ఆలు కొట్టుడు షెడ్డుకే!"

నెట్టేసిన డబ్బాల్ని వరసగా పెట్టి చూశాను. అన్నిటికీ ఒకటే జబ్బు. చారల పక్కనున్న తెల్లజాగాలో ఎవరో నల్ల పెన్నుతో రెండు నిలువు గీతలు గీశారు, చిన్నవి, పక్కపక్కన. చారలకి అటూ ఇటూ తెల్లజాగా ఖాళీగా ఉంటేనే స్కానరుకి మొదలూ ఆఖరూ తెలుస్తుంది. ఈ రెండు గీతల్నీ కూడా చారలే అనుకుని తికమక పడుతోంది. ఏ పిల్లదో చేతి దురద అనుకుని విసుక్కున్నాను. డబ్బా తిప్పి ప్యాకింగు నంబరు చూశాను. దమయంతిది.

అన్నం బెల్లు కొట్టినప్పుడు పిలిచి అడిగాను. మొహం పాలిపోయింది.

"మాయాయన కోసం బావూ" అంది. "మన డబ్బాలు ఆ గోడౌనుకే ఎల్తాయి. రెండు గీతలు సూత్తే నాను కట్టిన డబ్బా అని ఆయనకి తెలుత్తాది. ఒకటి ఆయన, ఒకటి నాను. దించినప్పుడు ఆ గీతల మీద సెయ్యేసి దించుతాడంట. అక్కడోలు నవ్వుతారంట."

"ఫోను చేసుకోరా?"

"సేత్తాడు. ఆదోరం ఆదోరం మా ఊరి ఎస్టీడీ బూతుకి. బూతులో పదిమంది ఇంటారు. బాగున్నావా అంటాడు, బాగున్నానంటాను. అక్కడ ఆయన మీటరు తిరుగుతాది, మాట రాదు. అంతే కదేటి! ఈ గీతలైతే ఎవులికీ అరదం కావు."

ఇంకోచోట గీసుకోవచ్చు కదా అన్నాను. ఆవిడా ప్రయత్నించిందట. రేకు మీద గీస్తే లారీ కుదుపులకి చెరిగిపోతుంది. పాత లేబుల్లో తెల్లజాగా చాలా ఉండేది. కొత్త లేబులంతా ముదురాకుపచ్చ, తెలుపు ఉన్నది చారల పక్కనే. ఇంతకీ ఆ కొత్త లేబుల్ అలా ఉండాలని చెప్పింది మా కంపెనీయే.

"మానేత్తానులెండి" అంది దమయంతి. "గీతలు మానేత్తాను. ఆ షెడ్డుకెల్తే డబ్బాలే ఉండవు కదా, మరేటి గీత్తాను?" కళ్ళు తుడుచుకోలేదు, చేతికి జీడిపప్పు పొడి ఉంది.

కారణం సోమవారం చెప్తానని మేస్త్రీతో అన్నాను. "ఇంజనీరుకి కూడా ఆదోరం కావాలేటి!" అని అరిచాడు గాని ఒప్పుకున్నాడు.

భావనపాడు: వసంత చూడని సముద్రం

ఆదివారం లాడ్జిలో ఉండలేక టెక్కలి బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో భావనపాడు. ఒడ్డున పడవలు, వాటి మీద ఆరేసిన వలలు, ఇసకలో బారులుగా ఎండు చేపలు. ముక్కు మూసుకుంటే, చేపలు తిప్పుతున్నావిడ "ముక్కుకేటి తెలుసు బావూ, నోటినడుగు" అని పక్కనున్న పాక హోటలుకి తోలింది. పదిహేను రూపాయలకి అన్నం, చేపల పులుసు. మా వైపు హోటళ్ళలో రెండోసారి పులుసు అడిగితే మొహం మాడ్చుకుంటారు, ఇక్కడ వద్దంటే కోపం. చెయ్యి అడ్డం పెడితే హోటలావిడ చేతి మీదే పోసేసింది! కాలింది గాని, ఆ పులుసు కోసం ఇంకో చెయ్యి కూడా కాల్చుకోవచ్చు.

తిన్నాక నీళ్ళ అంచున కూచున్నాను. వసంత ఇంతవరకూ సముద్రం చూడలేదు. బొమ్మల్లో చూపించి పిల్లలకి పాఠం చెప్తుంది. అల వచ్చినప్పుడల్లా ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకున్నాను, అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా లేదని గుర్తొచ్చింది. ఎంత బెంగ పుట్టిందంటే, అంత పెద్ద సముద్రం మీద కోపం వచ్చింది.

ఆదివారం సాయంత్రాలు వసంత వాళ్ళ ఊరి బూత్ దగ్గర నిలబడుతుంది, నేను ఎక్కడున్నా ఫోను చేస్తాను. టెక్కలిలో చేశాను. వెనక నలుగురు వంతు కోసం నిలబడ్డారు. ఒకాయన నా భుజం మీంచి మీటరు చూస్తున్నాడు.

"సముద్రం చూశాను" అన్నాను.

"ఎలా ఉంది?"

చెప్పడానికి ఎంతుందో! గొంతు దాకా వచ్చింది. భుజం మీద ఆయన ఊపిరి తగులుతోంది.

"బాగుంది" అన్నాను.

బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. దమయంతి చెప్పింది ఇదే కదా. పక్కనే గాజుల కొట్టు కనిపిస్తే, వసంతకి ఏమైనా కొందామని ఎక్కాను. కొట్టాయన గాజులు, రిబ్బన్లు చూపించి, ఒక చిన్న తిలకం సీసా తీశాడు. మూతకి పుల్ల ఉంటుంది చూడండి, అది. "మంచి ఎరుపు. ఒక్కపాలి ఎట్టుకుంటే సాయంత్రం దాకా పోదు" అన్నాడు. కొనేశాను.

బస్సులో సీసా అటూ ఇటూ తిప్పుతూ కూచున్నాను. సగం దారిలో బుర్ర వెలిగింది. ఓరి నా తెలివి తెల్లారా! ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మొదట నేర్పే పాఠమే అది. బార్‌కోడ్ ఎప్పుడూ ఎర్రసిరాతో అచ్చు వెయ్యకండి, స్కానరు వేసేది ఎర్రకాంతి, దానికి ఎరుపూ తెలుపూ ఒకటే, తెల్లకాగితం మీద ఎర్రగీత కనబడనే కనబడదు అని. మేస్త్రీ పెట్టిన బొట్టు ఆపిందంటే దాని రంగువల్ల కాదు, అద్దాన్ని గంధంతో పూడ్చేశాడు గనక.

సోమవారం, బెల్టు పక్కన

మా ఆవిడకి కొన్నదని చెప్పి తిలకం సీసా దమయంతి చేతిలో పెట్టాను. మేస్త్రీ రాకముందే ఒక డబ్బా మీద గియ్యమన్నాను. చారల పక్కనే, అదే చోట, పుల్లతో రెండు గీతలు గీసింది. ఒకటి కాస్త వంకర పోయింది. ఆరేదాకా ఊదాం ఇద్దరం. బెల్టు మీద పెట్టాను. ఎర్రకాంతి డబ్బా మీదికి వచ్చేటప్పుడు ఆవిడ నా కంటె గట్టిగా ఊపిరి బిగబట్టింది.

కీచ్!

"అదేటి, అరిసిందా?" అంది. అరిచింది అన్నాను. "మరి నా గీతలో?" మిషనుకి కనబడలేదు అన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. "అయితే ఇది ఆయనకొక్కడికే అగుపడతాదన్నమాట" అంది మెల్లిగా.

ఇంతలో మేస్త్రీ ఊడిపడ్డాడు. నల్ల పెన్ను గీతలవల్లే డబ్బాలు వెనక్కొచ్చాయని, ఇక ప్యాకింగులో నల్ల పెన్నే వద్దని చెప్పాను. శనివారం వెనక్కొచ్చిన డబ్బాల నంబర్లు పట్టించుకోనక్కర్లేదనీ చెప్పాను. ఆయన కన్ను డబ్బా మీద పడింది.

"మరి ఈ ఎర్రగా ఏటది?"

నేను నోరు తెరిచేలోగా దమయంతి, "తిలకం, మేస్త్రీ గోరూ" అంది.

"తిలకమా!" మేస్త్రీ గొంతు నా ఎరుకలో మొదటిసారి తగ్గింది. "మంచిదే కదా. సరుకు ఎల్లేటప్పుడు బొట్టెట్టి పంపాల. అందరూ ఎట్టండి!"

అంతే! మర్నాటికి ప్యాకింగు బల్లల మీద తలో తిలకం సీసా. ఒకామె చుక్క పెడుతుంది, ఒకామె నెలవంక, ఒకామె చిన్న గుండ్రం. అన్నిటినీ దాటుకుంటూ స్కానరు కీచుకీచుమని తన చారలు తను చదువుకుంటోంది. పారమ్మ అని వాళ్ళలో పెద్దావిడ, తిలకం పెట్టుకోవడం మానేసి చాలా ఏళ్ళయినావిడ, ఆవిడ కూడా ప్రతి డబ్బా మీదా చుక్క పెడుతోంది. "బొంబాయిలో నీకెవరున్నారు పెద్దమ్మా?" అని అడిగాను. "ఎవులూ నేరు బావూ. డబ్బా ఇప్పినోడు ఎవుడో సూత్తాడు. ఎవులో కట్టినారు అనుకుంటాడు. సాలదేటి?" అంది. నేను వెళ్ళి, లేబుళ్ళ మీద చారలు అచ్చేసే ప్రింటరు సర్దుతున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

వచ్చేముందు, పంచిపెట్టే పొట్లాలు కాక, వసంతకని ఒక చిన్న డబ్బా జీడిపప్పు కొన్నాను. దమయంతి అది లాక్కుని లేబుల్ మీద రెండు గీతలు గీసి ఇచ్చింది. "అమ్మగోరి సీసా నాను తీసేసుకున్నాను కదా" అంది. భర్తకి రంగు మారిందని ఫోనులో చెప్తారా అని అడిగాను. చెప్పదట. "తనంతట తను అంటే, సూసినట్టు. అన్లేదంటే..." అని ఆపేసి బెల్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక

ఆ డబ్బా తెలిసినవాళ్ళ చేత మంచిర్యాల పంపాను. ఆదివారం ఫోనులో వసంత అడిగింది, ఈ ఎర్రగీతలేమిటండీ అని. మా వీధి బూత్ నిండా జనం. ఈసారి చెప్పేశాను, ఒకటి నువ్వు, ఒకటి నేను అని. పేపరు చదువుతున్న బూతాయన తలెత్తి చూశాడు. చూస్తే చూశాడు. అవతల వసంత ఏమీ అనలేదు. మీటరు తిరుగుతోంది అన్నాను. "తిరగనీండి" అంది.

పలాస నుంచి మాత్రం కబురు లేదు. లారీ ఎప్పుడు చేరుంటుంది, ఆ డబ్బాలు అతనే దించి ఉంటాడా, నల్లగీతల కోసం వెతుక్కుని లేవని వదిలేశాడా అని నాకొకటే ఆలోచన. ఆఫీసులో బొంబాయి మాట వినిపిస్తే తల తిప్పేవాణ్ణి. చివరికి ఒకరోజు మేస్త్రీ ప్రింటరు రిబ్బను మార్చడం రాక ఫోను చేశాడు. ఎలాగో అరిచి చెప్పాక, చారలు సరిగ్గా పడుతున్నాయో లేదో ప్యాకింగు దమయంతిని అడగాలి, పిలవండి అన్నాను.

ఆవిడ వచ్చి "అలో" అనగానే అడిగేశాను. "చూశాడా?"

"సూసినాడు బావూ."

"ఏమన్నాడు?"

మేస్త్రీ పక్కనే ఉన్నట్టున్నాడు, గొంతు బాగా తగ్గించింది.

"ఏటీ అన్లేదు. తిలకం అయిపోతాదేమో, ఇంకో సీసా కొనుక్కోమన్నాడు."